లెక్కలోకి రానివ్వని నాలుగేళ్ళు

ఇరవై తొమ్మిదేళ్ళ మూడు నెలలు. అంతకాలంగా ఒక సంగతిని మోస్తున్నాను. సుమారుగా చెప్పడం నాకు అలవాటు లేదు, అందుకే నెలలు కూడా చెప్పాను. రోజులు కూడా చెప్పగలను. కానీ రోజులు మోసేవాళ్ళకు కావాలి గానీ వినేవాళ్ళకు ఎందుకు?

నాకు డెబ్బై ఏడేళ్ళు. గోదావరి జిల్లాల్లో ఒక ఎయిడెడ్ కాలేజీ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. నా పేరు రాయను. కాలేజీ పేరు కూడా రాయను. నేను అన్యాయం చేసిన మనిషికి ఇక్కడ సువార్త అని పేరు పెట్టాను. అది ఆమె అసలు పేరు కాదు. పేర్లు తప్ప మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. నోరు రాలేదు.

నేను చూసింది ఎస్టాబ్లిష్‌మెంటు సీటు. లెక్చరర్ల దగ్గర్నుంచి అటెండర్ల దాకా అందరి సర్వీసు రిజిస్టర్లూ నా బీరువాలో ఉండేవి. ఎవరు ఏ రోజు చేరారు, ఎన్ని రోజులు సెలవు పెట్టారు, ఎవరికి ఎన్నాళ్ళ సర్వీసు ఉంది, ఎవరు ఎవరికంటే సీనియరు, ఇవన్నీ నేను తేల్చాలి. తేల్చేదాన్ని. ఒక్క రోజు కూడా తేడా వచ్చేది కాదు. ఆవిడ రాసిందంటే ఇంక తిరుగులేదని స్టాఫ్‌రూములో అనుకునేవారట. ఆ మాట నా చెవిన పడిన రోజు ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను. సిగ్గు పడకుండా రాస్తున్నాను.

పని సూపరింటెండెంటుది. ఉద్యోగం పేరు మాత్రం టైపిస్టు. అసలు సూపరింటెండెంటు గారికి చూపు మందగించింది, నేను వేలు పెట్టి చూపించినచోట సంతకం పెట్టేవారు. ఆయన దిగితే గానీ ఆ కుర్చీ ఖాళీ కాదు. పదకొండేళ్ళు ఎదురు చూశాను. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే, ఒక పెద్దాయన ఎప్పుడు దిగిపోతాడా అని కాచుకుని కూర్చున్నట్టుంటుంది. కూర్చున్న మాట నిజమే.

ఇక సువార్త సంగతి. మాది పాలకొల్లు దగ్గర ఊరు. నాన్నగారికి తొమ్మిదెకరాల వరి ఉండేది. సువార్త తల్లి మరియమ్మ ఆ చేలో నాట్లు వేసేది. నన్ను "అమ్మాయిగారూ" అని పిలిచేది. సువార్త నాకంటే పన్నెండేళ్ళు చిన్న. చర్చివాళ్ళ హాస్టల్లో ఉండి చదువుకుంది, జువాలజీలో ఎమ్మెస్సీ చేసింది, ఇరవై తొమ్మిదో ఏట మా కాలేజీకే లెక్చరరుగా వచ్చింది. ఆమె చేరిన రోజు రిజిస్టరులో మొదటి పేజీ రాసింది నేనే. తల్లి పేరు దగ్గర ఒక్క క్షణం కలం ఆగింది.

హోదాలో ఆమె నాకంటే పైన. అయినా నన్ను "మేడమ్ గారండీ" అనేది. నేను "సువార్త గారూ" అనేదాన్ని. ఆ "గారు" నా నోటికి సులువుగా వచ్చేసిందని మీతో చెప్పొచ్చు. అబద్ధం అవుతుంది. మొదటి నెలంతా ఆమె వస్తుంటే ఏదో కాగితంలో తల దూర్చేదాన్ని, పిలవాల్సిన అవసరం రాకుండా.

మూడేళ్ళు పనిచేశాక ఆమెకు నార్వేలో అవకాశం వచ్చింది. చేపలకు వచ్చే జబ్బులమీద పరిశోధన. జీతం లేని సెలవు పెట్టుకుని వెళ్ళింది. నాలుగేళ్ళకు, ఒక జూన్ నెలలో, కాలేజీ తెరవడానికి ముందు తిరిగొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులోకి వచ్చి, సంచీలోంచి బెల్లం రంగులో ఉన్న ఒక దిమ్మ తీసి చాకుతో పల్చగా కోసి అందరికీ పెట్టింది. అక్కడి జున్నట. పాకం పట్టి మాడ్చిన జున్నులా ఉంది. అటెండరు సత్తిబాబు నములుతూ అడిగాడు.

"అక్కడ మీ ఉద్యోగం పేరేంటండి?"

"స్టిపెండియాట్."

"అంటే ఏం చెయ్యాలండి?"

"పీహెచ్‌డీ చెయ్యాలి. కానీ అక్కడ అది చదువు కింద లెక్క కాదండి, ఉద్యోగమే. పేపర్లో ప్రకటన వేస్తారు, మనం అప్లై చెయ్యాలి, ఇంటర్వ్యూ చేసి ఆర్డరు ఇస్తారు. జీతం, పన్ను, సెలవులు, యూనియను, అన్నీ ఉంటాయి. నాలుగేళ్ళ టైములో నాలుగో వంతు పాఠాలు చెప్పాలి."

"దాని పైనేంటండి?"

"యూనివర్సిటేట్స్ లెక్టర్. ఆ పైన ఫోర్స్టె అమానుయెన్సిస్. ఆ పైన ప్రొఫెసర్."

"ఆ మధ్యలో ఆయన్ని ఒకసారి పిలిచేలోపు రాజమండ్రి బస్సు రావులపాలెం దాటిపోద్దండి" అన్నాడు సత్తిబాబు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అడిగాను. "ప్రొఫెసర్ అవ్వాలంటే పైన ఉన్నాయన దిగాలి కదండి?"

"అక్కర్లేదండి మేడమ్ గారూ. అదే విచిత్రం. ఖాళీతో పన్లేదు. నా పని ఆ స్థాయికి వచ్చింది అనుకున్న మనిషి తనే అర్జీ పెట్టుకోవచ్చు. బయటి పెద్దవాళ్ళు వచ్చి అతని రాతలన్నీ చదువుతారు. సరేనంటే, కూర్చున్న కుర్చీలోనే ప్రొఫెసర్ అయిపోతాడు."

కూర్చున్న కుర్చీలోనే. ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో ఆమెకు ఎలా తెలుస్తుంది?

"ఇంకో వింత చెప్పనాండి" అంది సువార్త. "ఇన్ని హోదాలున్నాయి కదా, ఒక్కళ్ళు కూడా హోదా పెట్టి పిలుచుకోరు. ప్రొఫెసర్నీ పేరే, ఆఫీసులో ఆవిడనీ పేరే. అందర్నీ నువ్వు అనే అంటారు. ఇప్పుడు మనం అక్కడ ఉన్నామనుకోండి, నేను మేడమ్ గారి దగ్గరికి వచ్చి ఇలా అంటానన్నమాట."

నా బల్లమీద మోచెయ్యి ఆనించింది. నన్ను పేరు పెట్టి పిలిచింది. "కాఫీకి వస్తావా?" అంది.

సత్తిబాబు నవ్వాడు. గుమాస్తాలిద్దరు నవ్వారు. సూపరింటెండెంటు గారు కూడా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. సువార్త వెంటనే నా చెయ్యి పట్టుకుంది. "సరదాకన్నానండి, ఏమీ అనుకోకండి మేడమ్ గారండీ."

"ఏమీ అనుకోనండి" అన్నాను.

వెళ్ళేముందు రెండు కాగితాలు ఇచ్చింది. మొదటిది సర్టిఫికెట్టు. అందులో ఉద్యోగం పేరు, చేరిన తేదీ, విడిచిన తేదీ ఉన్నాయి. రెండోది అక్కడి విభాగాధిపతి ఇంగ్లీషులో రాసిచ్చిన ఉత్తరం. ఇది సిబ్బందిలో ఒక పోస్టు అనీ, ప్రకటన ద్వారా నియమించామనీ, ఈమె నాలుగేళ్ళూ విద్యార్థులకు పాఠాలు చెప్పిందనీ, ప్రయోగశాల తరగతులు నడిపిందనీ వివరంగా ఉంది.

"ఈ రెండోదే ముఖ్యమండి" అంది. "మొదటిది ఒక్కటే చూస్తే మనవాళ్ళు స్టూడెంటనుకుంటారు. మన దగ్గర పీహెచ్‌డీ అంటే చదువే కదా. అందుకని అడిగి రాయించుకొచ్చాను."

"రెండూ పెడతానండి" అన్నాను.

ఇక్కడ మా యాజమాన్యం నిబంధన ఒకటి చెప్పాలి. సెలవుమీద వెళ్ళిన లెక్చరరు వేరేచోట బోధన ఉద్యోగం చేస్తే ఆ కాలం సీనియారిటీలో కలుస్తుంది. చదువుకోవడానికి వెళితే కలవదు. ఆ ఏడాది సీనియారిటీ లిస్టు కొత్తగా తయారవుతోంది. ముందు ముందు ప్రిన్సిపాలు అయ్యేది ఆ లిస్టు ప్రకారమే. సువార్త తర్వాత ఒక ఏడాది అయిదు నెలలకు చేరిన మనిషి కామర్సు ప్రకాశరావు గారు. నార్వే నాలుగేళ్ళూ కలిస్తే సువార్త ఆయనకంటే ఏడాది అయిదు నెలలు పైన ఉంటుంది. కలవకపోతే రెండేళ్ళ ఏడు నెలలు కింద ఉంటుంది.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ ఇది వదిలేస్తే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు. ప్రకాశరావు గారు వయసులో సువార్త కంటే రెండేళ్ళు చిన్న. అంటే ఆయన ఒకసారి ప్రిన్సిపాలు అయితే, ఆయన దిగేలోపే ఆమె రిటైరవుతుంది. ఈ లిస్టులో ఒక మెట్టు దిగితే ఆమె జన్మలో ప్రిన్సిపాలు కాదు. ఈ లెక్క నేను ముందే వేశాను. పుట్టిన తేదీలు రెండూ నా బీరువాలోనే ఉన్నాయి కదా. చిత్తుకాగితం మీద వేసి, సరిచూసుకుని, ఆ తర్వాతే చేశాను. తెలియక చేశాను అనడానికి నాకు దారి లేదు.

జూలై తొమ్మిది, మంగళవారం. మధ్యాహ్నం రెండున్నర దాటింది. కరెంటు లేదు. సత్తిబాబు బయట అరుగుమీద కునుకు తీస్తున్నాడు. సువార్త ఫైలు ముందేసుకున్నాను.

ఆఫీసు ఫైలులో కాగితానికి ప్రాణం దాని పేజీ నెంబరు. ఎర్రసిరాతో పైన కుడివైపు నెంబరు వేసి ట్యాగుకు గుచ్చితే ఆ కాగితం ఉన్నట్టు. నెంబరు పడని కాగితం గురించి ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఉందని ఎవరికీ తెలియదు. సర్టిఫికెట్టుకు పదమూడు వేశాను. ఉత్తరానికి పధ్నాలుగు వెయ్యాలి. పధ్నాలుగు ఆమె తిరిగి చేరినట్టు ఇచ్చిన రిపోర్టుకు వేశాను. ఉత్తరం మడిచి నా భోజనం సంచీలో పెట్టుకున్నాను. తర్వాత నోటు రాశాను. "డాక్టరేటు పరిశోధన నిమిత్తం విదేశంలో గడిపిన కాలం. బోధన ఉద్యోగం చేసినట్లు ఫైలులో ఆధారం లేదు."

ఫైలులో ఆధారం లేదు. అక్షరాలా నిజం. ఆ వాక్యం రాసి నేను నన్ను మెచ్చుకున్నాను కూడా. అబద్ధం రాయలేదు కదా అని.

కమిటీ అయిదు నిమిషాల్లో తేల్చేసింది. నోటు ఎవరు రాశారని కరస్పాండెంటు గారు అడిగారట, నా పేరు చెప్పారట, అయితే సరే అని సంతకం పెట్టారట. లిస్టు నోటీసుబోర్డులో పెట్టాం. అభ్యంతరాలు ఉంటే పదిహేను రోజుల్లో రాసి ఇవ్వాలి. మూడో రోజు ఉదయం, మొదటి గంట కొట్టకముందే, సువార్త నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో హాజరుపట్టీ, సుద్దముక్క ఉన్నాయి.

"మేడమ్ గారండీ, ఆ రెండో కాగితం కమిటీవారు చూశారాండి?"

"చూశారండి."

"ఏమన్నారు?"

"ఒప్పుకోలేదండి."

సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతోంది. నేను టైపుమిషనులో కాగితం సర్దుకుంటున్నాను. ఇప్పుడైనా అడుగుతుందేమో, ఫైలు చూపించమంటుందేమో అని తల ఎత్తలేదు.

"మీరు పెట్టాక ఇంక నేను అడిగేదేముందిలెండి" అంది. "నావల్ల మీకు శ్రమ." గంట కొట్టారు. క్లాసుకు వెళ్ళిపోయింది.

అభ్యంతరం రాయలేదు. రాసి ఉంటే ఫైలు మళ్ళీ తెరిచేవాళ్ళు. ఆమెను చెయ్యి కదపనీయకుండా కట్టేసింది నేను దాచిన కాగితం కాదు, నామీద ఉన్న నమ్మకం. పదిహేను రోజులూ ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. పదహారో రోజున లిస్టు ఖాయమైంది. ఆ సాయంత్రం తలనొప్పి వచ్చింది, పడుకున్నాను.

ఎందుకు చేశాను? పేరు పెట్టి పిలిచినందుకా? మొదట్లో అదే కారణం అనుకున్నాను. నలుగురిలో నన్ను నువ్వు అంది. నాకు ఆ ఆఫీసులో హోదా లేదు, చెప్పుకోదగ్గ జీతం లేదు, కుర్చీ లేదు, ఒక్క "గారు" ఉంది, దాన్ని ఆటకైనా తీసేసింది అని. కానీ అదే ఆట ఆ ఏడాది ఇంగ్లీషు శేషుమాంబ గారు ఆడి ఉంటే? ఆవిడ మా పక్క ఊరి మోతుబరి ఇంటి ఆడపడుచు. ఆవిడ నా భుజంమీద చెయ్యేసి పేరు పెట్టి పిలిచి కాఫీకి రమ్మంటే, నేను మురిసిపోయి వెళ్ళేదాన్ని. ఇంటికి వచ్చి చెప్పుకునేదాన్ని. అదీ నిజం. నాకు బాధ కలిగించింది పిలుపు కాదు, పిలిచింది మరియమ్మ కూతురు కావడం. ఈ మాట నాలో నేను ఒప్పుకోవడానికే పన్నెండేళ్ళు పట్టింది. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనేవారు కాదు. మర్యాదస్తులమని పేరు. మర్యాద అంటే ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ తెలిసి ఉండటమని నేను నేర్చుకున్నాను. ఆమె అలా నిలబడలేదు. అంతే.

కుర్చీ మాట కూడా ఉంది. నేను ఒక పెద్దాయన దిగడం కోసం పదకొండేళ్ళు కాచుకుని ఉంటే, ఆమె వచ్చి అక్కడ ఎవరూ దిగనక్కర్లేదు అని నవ్వుతూ చెప్పింది. చెప్పిన మనిషిది తప్పా? ప్రపంచంలో ఎక్కడో అలాంటి చోటు ఉండటం ఆమె నేరమా? సూపరింటెండెంటు పోస్టు నాకు చివరికి వచ్చింది. పదకొండు నెలలు చేశాను. ఏళ్ళు కాదు, నెలలు.

మధ్యలో చాలా ఏళ్ళు ఒక లెక్కతో నన్ను నేను ఊరడించుకున్నాను. ఆ ఉత్తరం ప్రకారమే ఆమె పాఠాలు చెప్పింది నాలుగో వంతు కాలం. నాలుగేళ్ళలో నాలుగో వంతు ఒక ఏడాది. ఏడాది కలిపినా ప్రకాశరావు గారికంటే ఆమె ఏడాది ఏడు నెలలు కిందే ఉంటుంది. కాబట్టి కాగితం పెట్టినా ఫలితం మారేది కాదు. బాగుంది కదూ? చాలా రోజులు బాగానే పనిచేసింది ఈ లెక్క. తర్వాత ఒకరోజు మా లెక్చరర్ల టైంటేబులు గుర్తొచ్చింది. వారానికి ముప్పై ఆరు పీరియడ్లలో ఒక్కొక్కరు చెప్పేది పదహారు. ఆ కొలత పెడితే ప్రకాశరావు గారి సర్వీసు కూడా సగానికి సగం పోవాలి. నేను ఎవరికీ ఆ కొలత పెట్టలేదు. ఒక్కరికే పెట్టాను, అదీ నా మనసులో. అప్పటినుంచి ఆ ఊరట కూడా లేదు.

తర్వాత ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను. క్లుప్తంగా జరగలేదు, ఇరవై నాలుగేళ్ళు జరిగింది. సువార్త కాలేజీలో ఒక పరీక్షాగది పెట్టాలనుకుంది. చేపల చెరువులవాళ్ళు, రొయ్యల చెరువులవాళ్ళు జబ్బు చేసిన వాటిని తెస్తే అప్పటికప్పుడు చూసి చెప్పే గది. ఆరు పేజీల ప్రతిపాదన. టైపు చేసింది నేనే, ఒక్క తప్పు లేకుండా. అప్పటి ప్రిన్సిపాలు గారు చదివి, నేను దిగిపోయేవాణ్ణి, వచ్చే ప్రిన్సిపాలుతో చేయించుకోండమ్మా అన్నారు. వచ్చే ప్రిన్సిపాలు ప్రకాశరావు గారు. ఆయన చెడ్డమనిషి కాదు. చెరువుల గొడవ కాలేజీకి ఎందుకన్నారు. సువార్త చూపించిన గదిలో పరీక్షపత్రాలు పెట్టించి తాళం వేయించారు.

చెరువులవాళ్ళు మాత్రం రావడం మానలేదు. ఆమె ఇంటికి వెళ్ళేవారు. నేను రిటైరయ్యాక ఆ వీధిలోంచే మార్కెట్టుకు వెళ్ళేదాన్ని. ప్లాస్టిక్ కవర్లలో నీళ్ళు పోసి, అందులో రొయ్యలు వేసుకుని, మోటారు సైకిళ్ళమీద వచ్చి ఆమె వసారాలో కూర్చుని ఉండేవారు. ఆమె సొంత మైక్రోస్కోపు కిటికీ వెలుతురుకు పెట్టుకుని చూసేది. ఒకసారి ఆగి విన్నాను. "నాకు ఇక్కడ తెలిసేది ఇంతేనయ్యా, మిగతాది కాకినాడ ల్యాబుకు తీసుకెళ్ళి చూపించండి" అంటోంది. ఆ మనిషి, "కాకినాడనుంచి కబురొచ్చేలోపు చెరువు తేలిపోద్దమ్మా" అన్నాడు. తేలిపోవడం అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. పొద్దున వెళ్ళి చూసేసరికి, చచ్చి తేలినవాటితో చెరువంతా తెల్లగా ఉంటుంది.

ఆ మనిషి చెరువు తేలిందో లేదో నాకు తెలియదు. ఎన్ని తేలాయో తెలియదు. అన్నీ లెక్కపెట్టిన నేను, ఇది మాత్రం లెక్కపెట్టలేను.

అయిదేళ్ళ క్రితం ఆమె లెక్చరరుగానే రిటైరైంది. వీడ్కోలు సభకు నన్నూ పిలిచారు. మాట్లాడినవాళ్ళందరూ నార్వేలో చదువుకొచ్చారు అన్నారు. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

ఆ ఉత్తరం చించలేదు. ఎందుకు చించలేదో తెలియదు. ఎన్నిసార్లు తిరిగి ఇద్దామనుకున్నానో తెలుసు. నాలుగుసార్లు. ఒకసారి ఆమె వీధి మలుపు దాకా వెళ్ళాను.

మొన్న ఆగస్టులో ఆమే మా ఇంటికి వచ్చింది. పాత విద్యార్థులు ఆమెకు సన్మానం చేసి చిన్న పుస్తకం వేస్తారట. అందులో జీవిత వివరాలు ఒక పేజీ ఉండాలట.

"తేదీలు మీ దగ్గరైతే తప్పు లేకుండా ఉంటాయని వచ్చానండి" అంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మెట్లెక్కి వచ్చినందుకు ఆయాసపడుతోంది. మంచినీళ్ళు ఇచ్చాను. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను. పుట్టిన తేదీ, డిగ్రీలు, కాలేజీలో చేరిన రోజు, అన్నీ చూడకుండానే రాశాను. "ఎలా గుర్తుంటాయండి బాబూ" అని నవ్వింది. నార్వే దగ్గర ఆగాను.

"ఈ నాలుగేళ్ళూ ఎక్కడ వెయ్యమంటారండి? చదువులోనా, ఉద్యోగంలోనా?"

నేను కావాలనే అడిగాను. ఉద్యోగం అంటుందనుకున్నాను. అంటే, అప్పుడు చెబుదామనుకున్నాను. గొంతులో మాట సిద్ధంగా ఉంది.

"చదువులో వేసెయ్యండి."

"అప్పట్లో మీరు ఉద్యోగం అనేవారు కదండి."

"అనేదాన్ని లెండి. చిన్నతనం." చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "కమిటీలో పెద్దవాళ్ళు కూర్చుని, ఆ కాగితం చదివి మరీ కాదన్నారు కదా. చాలాకాలం కోపంగా ఉండేదండి. తర్వాత తర్వాత నాకే అనుమానం వచ్చింది. అక్కడివాళ్ళు కూడా నన్ను స్టూడెంటులానే చూశారేమో, భాష సరిగ్గా రాక నేనే ఉద్యోగం అనుకున్నానేమో. మర్యాదకి ఆ ఉత్తరం రాసిచ్చారేమో. ఇక్కడ ఇంతమంది చదివి కాదన్నదాన్ని నేనొక్కదాన్నీ అవునంటే ఏం బాగుంటుందండి?"

ఇంతమంది. ఒక్కరు కూడా చదవలేదు. చదివింది నేను ఒక్కదాన్ని.

ప్రిన్సిపాలు పదవి పోగొట్టానని నాకు తెలుసు. గది పోగొట్టానని తెలుసు. ఆమె నాలుగేళ్ళ జ్ఞాపకం కూడా పోగొట్టానని ఆ రోజు వరకు తెలియదు. తను నిలబడి పాఠం చెప్పిన తరగతి గదిని తనే నమ్మడం మానేసింది. నేను అన్న రెండు మాటల అబద్ధాన్ని తీసుకెళ్ళి, ఇన్నేళ్ళూ జాగ్రత్తగా ఆలోచించి, దానికి సరిపోయేట్టు తన బతుకునే దిద్దుకుంది. నాకంటే నిజాయితీ గల మనిషి కనుక దిద్దుకుంది.

గొంతులో సిద్ధంగా ఉన్న మాట ఏమైందని అడుగుతారా? చదువు అనే గడిలో ఆ నాలుగేళ్ళూ రాశాను. నా చేత్తోనే. రెండోసారి. ఆమె కాగితం మడిచి చేతిసంచీలో పెట్టుకుని, "మీకు శ్రమ ఇచ్చాను" అని వెళ్ళిపోయింది. పుస్తకం వచ్చే జనవరిలో అచ్చవుతుందట.

ఆ రోజునుంచి ఇది రాస్తున్నాను. రెండు నెలలు పట్టింది. చేతివేళ్ళు పట్టు ఇవ్వడం లేదు, రోజుకు ఒక పేజీ మించి సాగదు. రాసేటప్పుడు మొదట నార్వే అనే మాట మార్చేద్దామనుకున్నాను. ఇంకేదైనా దేశం పేరు పెడితే ఎవరికీ తెలియదు కదా. జువాలజీ బదులు ఇంకో సబ్జెక్టు, రొయ్యల బదులు ఇంకేదైనా. ఒక పేజీ అలాగే రాసి చూశాను కూడా. చించేశాను. ఉన్నది మార్చి రాయడం జీవితంలో రెండుసార్లు చేశాను. ఇంక చాలు.

ఈ జిల్లాల్లో నార్వే వెళ్ళి పనిచేసి వచ్చిన జువాలజీ మేడమ్‌లు ఎంతమంది ఉంటారు? ఇది ఆమె కంట పడితే మొదటి పేజీ దాటకముందే తెలిసిపోతుంది. అప్పుడు వచ్చి అడుగుతుందో, మళ్ళీ నా ముఖం చూడదో, ఆమె ఇష్టం. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆమె సరే అంటుందని నాకు తెలుసు, అందుకే అడగను.

సువార్త నార్వేలో నాలుగు సంవత్సరాలు ఉద్యోగం చేసింది. సిబ్బందిలో ఒకరిగా చేసింది. పాఠాలు చెప్పింది. ఆ సంగతి రాసి ఉన్న కాగితం ఆమె నా చేతికి ఇచ్చింది. నేను చదివాను. కమిటీకి చూపించలేదు. చూపించానని చెప్పాను.

ఇదీ రాయవలసింది. రాశాను. కాస్త నడుం వాలుస్తాను.